బేతమంగళ నీళ్లు, బంగారు గనుల పాకీదొడ్లు

కోలారు బంగారు గనులకు సుమారు పది కిలోమీటర్ల దూరంలో, పాలారు మీద, బేతమంగళ చెరువు ఉంది. ఊరి పాత పేరు విజయాదిత్యమంగళ. బాణ రాజు పేరు మీద వెలసిన ఊరనీ, తెగిపోయిన చెరువు కట్టను పదో శతాబ్దంలో నొళంబుల ఏలుబడిలో మళ్లీ పోయించారనీ శాసనాలను బట్టి చెబుతారు. వెయ్యేళ్లపాటు ఆ నీళ్లు ఆయకట్టు తడిపాయి. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో వాటికి కొత్త దారి పడింది. చెరువు నీళ్లను వడకట్టి, గొట్టాల్లో గనుల దాకా తోడే ఏర్పాటు చేశారు. అప్పటికే, 1902లో, శివనసముద్రం నుంచి దాదాపు 150 కిలోమీటర్ల తీగ లాగి గనులకు కరెంటు ఇచ్చారు. బెంగళూరు వీధి దీపాలకు ఇంకా మూడేళ్లు ఆగాల్సిన రోజులవి. వడకట్టిన నీళ్లు, కరెంటు, రైలు, ఆస్పత్రి అన్నీ అంత తొందరగా అమరిన ఆ బంగారు ఊళ్లో, మనిషి మలాన్ని మనిషే ఎత్తిపోసే పాకీదొడ్లు మాత్రం 1990ల దాకా నడిచాయి. బేతమంగళ నీళ్లు గనులకు చేరడానికీ, ఆ నీళ్లు పోసి కడుక్కునే మరుగుదొడ్డి కూలీల ఇళ్ల వరసలకు, అంటే లైన్లకు, రావడానికీ మధ్య దాదాపు తొంభై ఏళ్లు గడిచాయి. నీళ్లు లేక ఆలస్యమైందనడానికి లేదు. డబ్బు లేదనడం మరీ విడ్డూరం, నేల కింద ఉన్నదే బంగారం. ఊరి శుభ్రం ఎవరి చేతిలో ఉందో వాళ్లు జవాబు చెప్పుకోవాల్సింది ఎప్పుడూ పైవాళ్లకే తప్ప ఊళ్లో ఉన్నవాళ్లకు కాకపోవడం వల్లే ఇంత ఆలస్యం జరిగిందని నా అభిప్రాయం.

పాకీదొడ్డి అంటే ఈ తరం చాలామందికి తెలియదు కాబట్టి అది ఎలా ఉండేదో కొంచెం దగ్గరగా చూడాలి. వరసగా గదులు. గదిలో కాళ్లు పెట్టుకోవడానికి రెండు దిమ్మెలు, మధ్యలో సందు, కింద ఒక తొట్టి లేదా ఉత్త నేల. నీళ్లకు గొట్టం ఉండదు, మలం పోవడానికి కాలువ ఉండదు. తెల్లవారేసరికి పాకీ పనివాళ్లు, ఎక్కువగా ఆడవాళ్లు, వెనక వైపు నుంచి వచ్చి రేకు ముక్కతో, చీపురుతో మలాన్ని బకెట్లోకి గీకి ఎత్తుకోవాలి. బకెట్లు మోసుకెళ్లి పెద్ద తొట్టిలో వంపాలి, అక్కడి నుంచి బండిలో ఊరి బయటికి తోలాలి. వానాకాలం బకెట్ కారి ఒంటి మీద పడుతుంది. ఈ పనికి కంపెనీ ఇచ్చేది జీతమే, ఉద్యోగమే, పీఎఫ్‌తో సహా. గనిలోకి దిగే కూలీల్లో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు వైపు నుంచి వచ్చిన తమిళ దళితులైతే, పాకీ పనిలో ఆంధ్ర ప్రాంతం నుంచి వలస వచ్చిన తెలుగు దళిత కుటుంబాలు తరాల తరబడి ఉండిపోయాయి. నేల మీద కులానికొక లైను, నేల కింద కులానికొక పని అన్నట్టు సాగిన ఊరది. ఈ ఏర్పాటును ఎవరూ చట్టం చేసి పెట్టలేదు. అందుకే దాన్ని రద్దు చేయమని అడగడానికి ఒక కాగితం కూడా దొరికేది కాదు.

ఆ ఊరిని ఎవరు నడిపారో చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ గనుల్లోకి అడుగుపెట్టాక ఊరు పుట్టగొడుగులా లేచింది. 1901 జనాభా లెక్కల్లో 38 వేలు దాటింది, 1951 నాటికి లక్షా 59 వేలయింది. 1898లో మైసూరు రాజ్యంలోకి ప్లేగు వచ్చింది. వెదురు తడికల ఇళ్లలో కిక్కిరిసి ఉన్న కూలీలకు జబ్బు అంటుకుంటే గని ఆగిపోతుందన్న భయం అధికారులకూ కంపెనీలకూ సమానంగా ఉండేది. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేటల్లాంటి పేటలు గీతలు గీసి కట్టడం, వాటి కోసం శానిటరీ బోర్డు పెట్టడం ఆ నేపథ్యంలోంచే వచ్చాయి. ఆ బోర్డు పుట్టుకలోనే ప్రజల సంస్థ కాదు. అధికారుల మాటా కంపెనీల మాటా చెల్లే సంస్థ. పేటలు బోర్డువి, గనుల లైన్లు కంపెనీవి. రెండు చోట్లా కూలీ అద్దెకో, జీతానికో లోబడి ఉన్న మనిషే తప్ప లెక్క అడిగే పౌరుడు కాడు. మైసూరులో రంగాచార్లు దివానుగా ఉండగా 1881లోనే ప్రజాప్రతినిధి సభ మొదలైందని మనం గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాల్సిందే. కానీ ఆ సభకు వెళ్లే అర్హత భూమిశిస్తు, ఆస్తి చూసి వచ్చేది. లైన్లో ఉండే కూలీకి ఇల్లే సొంతం కాదు. బంగారం దొంగతనం ఆపడానికంటూ కూలీలందరి వేలిముద్రలు తీసుకోబోతే 1930లో గనులన్నీ సమ్మెతో స్తంభించిపోయాయి. కూలీల మీద నిఘాకు అంత పట్టుదల చూపిన ఊళ్లో, బోర్డు చేసే పని మీద కూలీలు కన్నేసి ఉంచే దారి ఒక్కటీ లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది గట్టిదే. కేజీఎఫ్‌లో, అంటే ఈ బంగారు గనుల ఊళ్లో, పాతతరం వాళ్లు ఇప్పటికీ కంపెనీ కాలాన్నే మెచ్చుకుంటారు. నీళ్లు వేళకు వచ్చేవి, ఆస్పత్రిలో మందులుండేవి, వీధులు ఊడ్చేవాళ్లు. ఎన్నికైన నగరసభ వచ్చాకే చెత్త పేరుకుపోయింది, ఓట్ల మాట వచ్చాకే పని చెడిందని వాళ్ల మాట. ఇందులో నిజం లేకపోలేదు. కానీ కంపెనీ ఇచ్చిన సేవలన్నీ ఖనిజంలో బంగారం ఎంతుందన్న దాని మీద ఆధారపడినవి. 1956లో మైసూరు రాష్ట్రం గనుల్ని జాతీయం చేసింది, 1962లో కేంద్రం తీసుకుంది, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ అయింది, 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. మూతపడిన రోజునే నీళ్లు, ఆస్పత్రి, స్కూలు, ఇంటి హక్కు అన్నీ ఒక్కసారి ప్రశ్నార్థకమయ్యాయి. దయతో వచ్చినవి దయ పోగానే పోయాయి. వాటిని హక్కుగా అడగడం నూట ఇరవై ఏళ్లలో ఎవరికీ అలవాటు కానివ్వలేదు. ఇంకో మాట, అదే కంపెనీ కాలంలో, వేళకు నీళ్లిచ్చిన అదే యాజమాన్యం కింద, పాకీదొడ్లూ నడిచాయి. ఊడ్చిన వీధిని మెచ్చుకునేవాళ్లు ఊడ్చినవాళ్ల ఇంటి వైపు వెళ్లి ఉండరు. పోనీ లాభాల తెల్ల కంపెనీ కాబట్టి అలా చేసిందందామా అంటే, కేంద్ర ప్రభుత్వ సంస్థ అయ్యాక కూడా ఇరవై ఏళ్లకు పైగా దొడ్లు అలాగే ఉన్నాయి. యజమాని ఎవరన్నది పెద్ద తేడా చేయలేదు.

ఊళ్లోవాళ్లకు జవాబు చెప్పే ఏర్పాటు బడుల్లో ఎలా సాగిందో చూస్తే కోలారు జిల్లాకు వేరే పాఠం దొరికింది, అది సగంలో తెగిపోయిన పాఠం. మైసూరు ప్రభుత్వం 1930లో ప్రాథమిక విద్యా చట్టం చేసి, మరుసటి ఏడాది నుంచి ప్రాథమిక బడుల్ని జిల్లాకొక స్థానిక విద్యాధికార సంస్థ చేతికి అప్పగించింది. జిల్లా మనుషులే బడులు తెరవాలి, పంతుళ్లను వేయాలి, లెక్క చూడాలి. పదేళ్లకే, 1941లో ఇంకో చట్టంతో ప్రభుత్వం బడుల్ని వెనక్కి తీసుకుంది. స్థానిక సంస్థల వద్ద డబ్బు చాల్లేదని, పంతుళ్ల బదిలీల్లో రాజకీయం దూరిందన్నది ఇలాంటి సంస్థల మీద ఎక్కడైనా వచ్చే ఫిర్యాదే. పల్లెవాళ్లకు బడి మీద పెత్తనం ఇస్తే బడి చెడుతుందనే వాళ్లకు ఇది సాక్ష్యంగా పనికొచ్చింది. నాకు ఇది వేరేగా కనబడుతుంది. పన్ను వేసే బలం ఇవ్వకుండా బడి నడిపే బరువు ఇచ్చి, పదేళ్లు చూసి, చేతకాదని తీసేసుకోవడం పరీక్ష అనిపించుకోదు. ఆ తర్వాత అరవై ఏళ్లు కోలారు పల్లెల్లో బడి అనేది బెంగళూరు నుంచి నడిచే ఆఫీసుగా మిగిలింది. 2001లో రాజా రామన్న నాయకత్వంలోని టాస్క్‌ఫోర్స్ సిఫార్సు మీద కర్ణాటక ప్రతి సర్కారు బడికీ ఎస్డీఎంసీ, అంటే తల్లిదండ్రులతో బడి అభివృద్ధి, పర్యవేక్షణ సమితి వేయాలని ఉత్తర్వు ఇచ్చింది. గనులు మూతపడిన ఏడాదే అది కూడా. 2009 విద్యా హక్కు చట్టం వచ్చేసరికి సమితిలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లుండాలని దేశమంతటికీ నియమమయింది. కాగితం మీద ఇంతకంటే మంచి ఏర్పాటు అడగలేం.

అయితే కోలారు తూర్పు భాగాన, ముళబాగిలు, శ్రీనివాసపుర, బేతమంగళ వైపు, ఇంట్లో మాట్లాడేది తెలుగు. 1951 లెక్కల్లో అప్పటి కోలారు జిల్లాలో సగానికి పైగా జనం తెలుగువాళ్లే. ఆ లెక్క రాష్ట్రాల పునర్విభజన సంఘం ముందుకూ వెళ్లింది, జిల్లా మైసూరులోనే ఉండాలని సంఘం తేల్చింది. ఆ తీర్పును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కన్నడం చదివి, తెలుగు మాట్లాడి, తమిళ సినిమా చూసే ఆ ప్రాంతపు జనానికి భాష ఒక గొడవ కాదన్నది బయటివాళ్లు గమనించాల్సిన విషయం. కానీ సమితి మినిట్స్ పుస్తకం, గ్రాంటు వివరం, సర్క్యులరు కన్నడంలో ఉంటాయి. చదవడమే రాని తల్లికి, అందులోనూ ఇంటి భాష కాని భాషలో, హెడ్మాస్టరు చూపించిన చోట వేలిముద్ర వేయడం తప్ప పర్యవేక్షణ అనేది ఎలా చేతనవుతుంది? చదువురాని వాళ్లకు బడి మీద పెత్తనం ఏమిటని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే: పాఠం ఎలా చెప్పాలో ఆ తల్లి చెప్పలేకపోవచ్చు. పంతులు వచ్చాడా, అన్నం వండారా, మరుగుదొడ్డికి తాళం వేశారా, తన బిడ్డ చేత గది ఊడిపించి పక్కింటి బిడ్డ చేత ఊడిపించలేదా అన్నది ఆమెకే బాగా తెలుసు. ఆ నాలుగు ప్రశ్నలకు కన్నడ గ్రాంథికం అక్కర్లేదు. సమితి సమావేశంలో వాటిని నోటిమాటగా అడిగి, వచ్చిన జవాబుతో పాటు రాయించే పద్ధతి ఉంటే చాలు.

గది ఊడ్చడం గురించిన ఆ చివరి ప్రశ్నను ఊరికే చేర్చలేదు. బడికీ పాకీదొడ్డికీ ఈ ఊళ్లో ఉన్న లంకె బెజవాడ విల్సన్ జీవితంలో అందరికీ కనిపించేలా ఉంది. 1966లో కేజీఎఫ్‌లో, పాకీ పని చేసే తెలుగు దళిత కుటుంబంలో ఆయన పుట్టాడు. బడిలో పిల్లలు 'తోటి' (పాకీవాడు) అని ఏడిపించేవాళ్లు. తల్లిదండ్రులు చేసే పని ఏమిటో పిల్లాడికి తెలియకుండా ఇంట్లోవాళ్లు దాచారు. కొన్నాళ్లు కుప్పం వైపు హాస్టల్లో ఉండి చదివాడు. చదువు అయ్యాక ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజికి వెళితే, అక్కడి గుమస్తా దరఖాస్తులో ఆయన కోరే ఉద్యోగం దగ్గర పాకీ పని అని రాశాడని విల్సన్ తర్వాత ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పాడు. బడి పెట్టిన సర్కారే, ఆ బడి నుంచి బయటికొచ్చిన కుర్రాణ్ని మళ్లీ పాకీదొడ్డి వైపు తోసిన ఉదంతం ఇది. ఈ బడి ఎలా నడుస్తోందని ఆ లైను వాళ్లను అడిగే సమితి ఆ రోజుల్లో ఒకటి ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం. లేకపోవడం వల్ల ఏమయిందో మాత్రం కళ్లముందే ఉంది.

1986 నుంచి విల్సన్ ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు: గనుల యాజమాన్యానికి, మంత్రులకు, ప్రధానికి. చాలావాటికి జవాబు రాలేదు. వచ్చినప్పుడు కూడా, అసలు మా దగ్గర పాకీదొడ్లు లేవన్నది యాజమాన్యం వరస. దాంతో ఆయన కెమెరా పట్టుకుని లైన్లలోకి వెళ్లి దొడ్ల ఫొటోలు తీశాడు. వాడుతున్నవాళ్లకూ, ఎత్తిపోస్తున్నవాళ్లకూ రోజూ తెలిసిన సంగతే. కానీ లేదన్న మాటకు ఎదురుగా ఉందన్న రుజువు కాగితం మీదికి రావడం అదే మొదలు. డెక్కన్ హెరాల్డ్‌లో కథనం వచ్చింది, పార్లమెంటులో గొడవయింది. అప్పటిదాకా కదలని యాజమాన్యం అత్యవసర సమావేశం పెట్టి, పాకీదొడ్లను నీళ్లు పోసే మరుగుదొడ్లుగా మార్చాలని, పాకీ పనివాళ్లను వేరే పనుల్లోకి మార్చాలని తీర్మానించింది. ఎనిమిదేళ్ల ఉత్తరాలు చేయలేనిది కొన్ని ఫొటోలు చేశాయి. శానిటరీ బోర్డు, కంపెనీ వెల్ఫేర్ ఆఫీసు, ఇన్‌స్పెక్టర్లు, నగరసభ, ఇంతమంది ఏళ్ల తరబడి నింపిన రిజిస్టర్లలో కనిపించనిది ఆ ఫొటోల్లో కనిపించింది. నా దృష్టిలో కోలారు గనుల చరిత్రలో పౌర పర్యవేక్షణ అని పిలవదగిన మొదటి పని ఇదే.

దీన్ని స్థానిక పర్యవేక్షణ అనవచ్చా అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్న. కదిలించింది బెంగళూరు పత్రిక, ఢిల్లీ పార్లమెంటు, ఆ తర్వాత సుప్రీంకోర్టు. ఊళ్లో ఓటుకు, సమితికి ఇందులో పాత్ర ఏమిటి? ఇంకొంచెం ముందుకెళ్లి, ఇలాంటి పనులు పైనుంచి చట్టంతోనే జరుగుతాయని కూడా అనవచ్చు. కానీ చట్టం సంగతి చూడండి. పాకీ పనివాళ్ల నియామకాన్నీ పాకీదొడ్ల నిర్మాణాన్నీ నిషేధించే చట్టం 1993లో వచ్చింది. దాన్ని చేయమని పార్లమెంటును తీర్మానం ద్వారా కోరిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రెండూ ఉన్నాయి. అంటే కేజీఎఫ్ ఉన్న రాష్ట్రమే అడిగి తెచ్చుకున్న చట్టం. అది అమల్లోకి రావడానికే 1997 దాకా పట్టింది. ఎస్.ఆర్. శంకరన్, పాల్ దివాకర్‌లతో కలిసి విల్సన్ మొదలుపెట్టిన సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, రాష్ట్రం తర్వాత రాష్ట్రం మా దగ్గర పాకీ పని లేదనే అఫిడవిట్లు వేశాయి. మళ్లీ ఊరూరా తిరిగి, ఏ వీధిలో ఏ దొడ్డి, ఎవరు ఎత్తుతున్నారు అని లెక్క రాసి, ఫొటో జత చేసి కోర్టు ముందు పెట్టాల్సి వచ్చింది. 2013లో కొత్త చట్టం, 2014 మార్చి 27న తీర్పు, సీవర్లలో చనిపోయిన వాళ్ల కుటుంబాలకు ఆ తీర్పు అప్పట్లో చెప్పిన పది లక్షల పరిహారం, ఇవన్నీ ఆ లెక్కల మీద నిలబడినవే. పైనుంచి వచ్చిన చట్టం కళ్లు తెరవడానికి వీధిలోంచి వెళ్లిన లెక్క కావాల్సి వచ్చింది. విల్సన్‌కు 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. అవార్డు కథ అందరికీ తెలుసు, లెక్కల పుస్తకాల కథ అంతగా తెలియదు.

గనులు మూతపడ్డాక కేజీఎఫ్‌కూ బేతమంగళకూ కొత్త రకం చిక్కులు వచ్చాయి. ఇప్పుడు చెత్త ఊళ్లో పుట్టేదే కాదు, బయటి నుంచి వచ్చేది కూడా. బెంగళూరు చెత్త పోసే మండూరు ఊరి జనం ఆ లారీలను అడ్డుకున్న రోజుల్లో, ఆ చెత్తను తెచ్చి పాడుబడ్డ గనుల్లో పోద్దామన్న ఆలోచన పైకి వచ్చింది, కేజీఎఫ్‌లో అన్ని పార్టీలవాళ్లూ ఎదురుతిరిగారు. 2018లో కోరమంగల-చల్లఘట్ట వ్యాలీ పథకం కింద బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోలారు చెరువుల్లోకి వదలడం మొదలుపెట్టారు. కరువు జిల్లాకు నీళ్లు రావడం చిన్న సంగతి కాదు, రైతుల్లో చాలామంది సంతోషించారు. కొద్ది వారాలకే లక్ష్మీసాగర చెరువులో తెల్ల నురగ తేలింది. హైకోర్టు ఆపమంది, తర్వాత అనుమతించింది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చి ఆ తర్వాత ఎత్తేసింది. కోర్టుల్లో నలిగిన ప్రశ్న రెండో దశ శుద్ధి చాలా, మూడో దశ కావాలా అన్నది. చెరువు కట్ట మీద నిలబడి రోజూ నీళ్ల రంగు చూసే పంచాయతీకి ఆ నీళ్ల పరీక్ష ఫలితాలు నెలనెలా అందాలని, అందకపోతే తూము మూసే అధికారం ఉండాలని ఒప్పందంలో మొదటే రాసి ఉంటే వ్యవహారం అంత దూరం వెళ్లేది కాదేమో. బేతమంగళ చెరువును నొళంబుల నాడు బాగుచేసినవాళ్లకు తాము చేసిన పనిని శాసనంలో చెక్కించాలని తోచింది. పైపులైను వేసినవాళ్లకు బాధ్యత ఎవరిదో రాసిపెట్టాలని తోచలేదు.

అన్నిటికంటే పెద్ద చెత్త మాత్రం నగరసభ ట్రాక్టరు ఎత్తలేనిది. బంగారం తీసి పారేసిన పొడిమట్టి, ఊళ్లోవాళ్లు సైనైడ్ దిబ్బలనేవి, పదమూడు గుట్టలుగా వెయ్యి ఎకరాల పైచిలుకు పరుచుకుని ఉంది. సుమారు మూడు కోట్ల ముప్పై లక్షల టన్నులు. గాలి లేచిన కాలంలో ఆ పొడి ఇళ్లలోకి, బడుల్లోకి, నీళ్ల కుండల్లోకి వస్తుంది. ఇది మునిసిపల్ చెత్త నియమాల్లోకి రాదు, గనుల శాఖ కింద పడుతుంది. అంటే దాని దుమ్ము పీల్చే వార్డుకు దాని మీద ఏ సమితీ లేదు. 2024 జూన్‌లో ఆ దిబ్బల్ని వేలం వేసి, మళ్లీ తవ్వి మిగిలిన బంగారం తీయాలన్న కేంద్రం ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. దిబ్బలు కదిలితే దుమ్ము తగ్గుతుందని కొందరు, తవ్వుతున్నన్నాళ్లూ పెరుగుతుందని కొందరు అంటున్నారు. రెండు మాటలూ అబద్ధం కావు. వేలం షరతుల్లో నీళ్లు చల్లే లెక్క ఎంతుందో, గాలి కొలిచే యంత్రం ఏ బడి మీద పెడతారో, ఆ అంకెలు వారం వారం ఎవరి బోర్డు మీద రాస్తారో, అవి కన్నడంతో పాటు తెలుగులో, తమిళంలో కూడా ఉంటాయో లేదో ఆ లైన్లలోని వాళ్లు తవ్వకం మొదలయ్యేలోపే అడిగి రాయించుకోవాలి.